ఆరువందల నలభై బీపులు

మంగళవారం ఉదయం పదకొండు గంటల ఐదు నిమిషాలకు ప్లంబర్ ఆస్పత్రి మూడో అంతస్తులో పసిపిల్లల వార్డు వాష్‌బేసిన్‌కి నీళ్లు కట్టేశాడు. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఆ వార్డు సిస్టర్‌ని సస్పెండ్ చేశారు. మూడు రోజుల్లో ఒక్కసారి కూడా ఆ బేసిన్ దగ్గర చేతులు కడుక్కోలేదన్నది ఆవిడ మీద మోపిన తప్పు.

నీళ్లు కట్టెయ్యమన్నది ఇంజనీరు. బేసిన్ కింది వంపు గొట్టం పగిలి, నీళ్లు శ్లాబులోంచి దిగి, రెండో అంతస్తులో మందుల స్టోరు కప్పు నుంచి కారుతున్నాయి. సరిగ్గా కొత్త అలమర మీద. ఆ అలమరలో ప్రతి మందు డబ్బాకీ బియ్యపు గింజంత చిప్పు ఉన్న ట్యాగు అంటించి ఉంటుంది. ఎవరైనా డబ్బా తీస్తే, తీసిందెవరో, అది ఏ వార్డుకి పోయిందో రేడియో తరంగాల మీద కంప్యూటర్ తెరకి చేరుతుంది. అలమర తడిస్తే ఉద్యోగాలు ఊడతాయని ఇంజనీరు ఫోన్లో అరిచాడు.

"ముందు వాల్వు మూసెయ్. తర్వాత సంగతి తర్వాత."

"వార్డులో చేతులు కడుక్కోవడానికి ఉన్నది ఆ ఒక్క బేసినే సార్."

"చెప్పింది చెయ్యవయ్యా. వార్డుకి నేను చెప్తాలే."

ఆయన చెప్పలేదు.

ప్లంబర్ పైపుల గదిలో వాల్వు మూసి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని బేసిన్ కిందికి దూరాడు. గొట్టానికి పైన ఒక బిగింపు, కింద ఒక బిగింపు. పైది చేత్తో వచ్చింది. కిందది పట్టేసి ఉంది. గుడ్డ చుట్టి పానాతో తిప్పాడు. గొట్టం ఊడొచ్చింది. దాని కడుపులో దూది ఉంది, పాలసీసా మూత ఒకటి ఉంది. గోడలోకి పోయే పైపు నోట్లో గుడ్డ కుక్కాడు, వార్డులోకి వాసన రాకుండా. ఇక బేసిన్‌కి పైన చిల్లు, కింద నేల. మధ్యలో ఏమీ లేదు.

బేసిన్ పైన గోడకి అరచెయ్యంత తెల్ల పెట్టె ఉంది. బిగించి ఆరు వారాలైంది. మెడలో బ్యాడ్జి ఉన్న మనిషి దాని ముందు ఐదు సెకన్లు నిలబడితే పెట్టె బీప్ అంటుంది. తెర మీద ఆ మనిషి పేరు పక్కన అంకె ఒకటి పెరుగుతుంది. ఒక బీపు అంటే ఒకసారి చేతులు కడుక్కున్నట్టు లెక్క. ప్లంబర్ లేచి నిలబడి నడుం పట్టుకునేలోపు పెట్టె బీప్ అంది. అతని చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి.

"చూశావా మేస్త్రీ, నీ చేతులు శుభ్రమైపోయాయి" అంది సిస్టర్. ఆవిడ నాలుగో నంబరు బిడ్డకి గుడ్డ మారుస్తోంది. తల తిప్పలేదు. "నీళ్లెప్పుడొస్తాయి?"

"స్టోరులో కొత్త గొట్టం ఇస్తే ఇవాళే సిస్టరమ్మా."

"ఇస్తే అన్నావు చూడు, అక్కడే తెలిసిపోయింది. సరేలే, పాలసీసాలు మరిగించే గదిలో కొళాయి ఉందిగా. అక్కడికి పోతాం."

ప్లంబర్ ఒక కాగితం మీద 'నీళ్లు లేవు' అని రాసి కొళాయికి కట్టాడు. వార్డులో కాగితాలు వేలాడకూడదని పెద్ద సిస్టర్ అరగంటలో దాన్ని తీయించేసింది. అతను మెట్ల దగ్గర ఆగి పని పుస్తకంలో రాసుకున్నాడు: మంగళవారం, 11.05, మూడో అంతస్తు, వాల్వు మూశాను, ఇంజనీరుగారి ఫోను మీద.

స్టోరులో పాతది అప్పగిస్తేనే కొత్తది ఇస్తారు. స్టోర్‌కీపర్ పగిలిన గొట్టం తీసుకుని బల్ల కింద సొరుగులో పడేసి, తెర మీద ఏదో నొక్కి, పాతది అందినట్టు చీటీ చింపిచ్చి, "కొత్తది లేదు" అన్నాడు.

"మీ వెనక అరలో మూడున్నాయి కదండీ."

ఆయన వెనక్కి తిరగలేదు. "వాటికి ట్యాగులు అంటించలేదు. ట్యాగు లేకపోతే స్టాకులో లేనట్టే."

"కంటికి కనబడుతున్నాయి."

"నాకూ కనబడుతున్నాయయ్యా. నాకు కనబడితే ఏం లాభం, కంప్యూటర్‌కి కనబడాలి. అంటించే మనిషి శుక్రవారం వస్తాడు."

"పోనీ నా పాతది ఇచ్చెయ్యండి. ఏదో ఒకటి చుట్టి బిగిస్తాను."

"కంప్యూటర్లో ఎక్కించేశాను. ఎక్కాక ఇవ్వడం కుదరదు."

"అంటే పాతదీ లేదు, కొత్తదీ లేదు."

"నామీద కేకలేస్తే ఏముంది? రూలు నేను పెట్టానా?"

ట్యాగులు అంటించే మనిషి శుక్రవారం వచ్చాడు. రెండు బీరువాల మందు డబ్బాలకి అంటించి, భోజనం వేళకి వెళ్లిపోయాడు. గొట్టాల దాకా రాలేదు.

*

శనివారం పొద్దున ఏడింటికి వార్డులు తుడిచే ఆయమ్మ గేటు దగ్గరే ప్లంబర్‌ని పట్టుకుంది.

"విన్నావా నాయనా? మన సిస్టర్‌ని ఇంటికి పంపేశారు."

గురువారం నాలుగో నంబరు బిడ్డకి జ్వరం వచ్చింది. శుక్రవారం పొద్దున రక్తంలో సూక్ష్మజీవులున్నాయని రిపోర్టు వచ్చింది. బిడ్డ తండ్రి వరండాలో నిలబడి, మీ చేతుల్లోనే ఉంది ఆ రోగం అని అరిచాడు. సూపరింటెండెంటు మేడమ్ చేతుల లెక్క తెప్పించుకుంది. పట్టికలో ఇరవై ఇద్దరి పేర్లు ఆకుపచ్చ రంగులో, ఒక్క పేరు ఎర్ర రంగులో ఉన్నాయి. ఎర్ర పేరు పక్కన సున్నా.

"ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు ఆవిడ మీద పడింది" అంది ఆయమ్మ.

"అక్కడ నీళ్లు లేవు కదా?"

"మంగళవారం నుంచీ చుక్క లేదు. నువ్వే కదా కట్టేశావు."

"మరి మిగతావాళ్లకి అంకెలెలా వచ్చాయి?"

ఆయమ్మ అతని వంక జాలిగా చూసింది. "బీప్ కొట్టించుకున్నారు నాయనా. నిలబడితే కొడుతుందిగా. అక్కడ బీప్ కొట్టించుకుని, ఓపికుంటే సీసాల గదికెళ్లి కడుక్కున్నారు. ఓపిక లేకపోతే స్పిరిట్ రాసుకున్నారు. అదీ లేకపోతే లేదు. నేనూ కొట్టించుకున్నాను, నా పేరు ఎర్రగా పడితే నన్నెవరు ఉంచుకుంటారు?"

"సిస్టర్ కొట్టించుకోలేదా?"

"నేనే చెప్పాను, ఐదు సెకన్ల పనమ్మా, నిలబడి పోరాదా అని. ఏమందో తెలుసా? నీళ్లు లేని చోట నిలబడి చేతులు కడిగానని చెప్పడానికి నాకు సిగ్గు లేదా అంది. ప్రతిసారీ సీసాల గదికే పోయింది. ఆ గదిలో పెట్టె లేదు."

ప్లంబర్ మూడో అంతస్తుకి వెళ్లాడు. పట్టిక తలుపు పక్కన గాజు చట్రంలో ఉంది. అతను వేలు పెట్టి వరస వెంబడి చదివాడు. మంగళవారం మధ్యాహ్నం నుంచి ఒక్కో గడిలో ఎనిమిది, పదకొండు, పద్నాలుగు. పెద్ద డాక్టరుకి బుధవారం ఒక్కరోజే పంతొమ్మిది. అతను నిలబడి చదువుతుండగానే కుర్ర డాక్టరొకడు బేసిన్ ముందుకొచ్చి, ఫోను చూసుకుంటూ ఆగి, బీప్ వినగానే లోపలికి పోయాడు. చేతులు జేబుల్లోంచి బయటికి రాలేదు.

నాలుగో నంబరు బిడ్డ తల్లి వరండా బెంచీ మీద కూర్చుని ఉంది. చెప్పులు విడిచి, కాళ్లు పైకి ముడుచుకుని. ప్లంబర్‌ని చూసి, "ఆ సిస్టరేనంట కదా అన్నా. నా బిడ్డని రోజూ ఎత్తుకునేది. చేతులు కడుక్కోదని నాకెట్లా తెలుస్తుంది?" అంది.

అతను "బిడ్డకెలా ఉంది?" అని మాత్రం అడిగాడు.

"పాలు తాగట్లేదు."

పదింటికి ఇంజనీరు పిలిపించాడు. గదిలో ఫ్యాను తిరుగుతోంది, కాగితాల మీద బరువుకి ఇత్తడి వాల్వు ఒకటి పెట్టుకున్నాడు.

"నీ పని పుస్తకం ఇలా ఇవ్వు. ఆడిట్‌కి కావాలి."

"మొన్ననే చూశారు కదా సార్."

"మళ్లీ చూస్తారు. నీకెందుకు?"

ప్లంబర్ జేబులోంచి తీసిచ్చాడు. ఇంజనీరు తెరిచి చూడలేదు. సొరుగులో పెట్టి తాళం వేశాడు.

"సార్, మూడో అంతస్తు సిస్టర్ సంగతి..."

"ఆ సంగతి చూడ్డానికి పెద్దవాళ్లున్నారు. సోమవారం విచారణ. నీ కాంట్రాక్టు ఈ నెలాఖరుతో అయిపోతుంది, మళ్లీ రాయాల్సింది నేను. పైపులు చూసుకో, చాలు."

"అక్కడ నీళ్లు లేవని మీరు చెప్తే సరిపోతుంది సార్."

ఇంజనీరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నీళ్లు లేవని ఎవరన్నారు?"

*

ఆదివారం మధ్యాహ్నం సిస్టర్ ప్లంబర్ ఇంటికి వచ్చింది. అతను వాకిట్లో కూర్చుని పానా పళ్లలో పేరుకున్న తుప్పు గీకుతున్నాడు. భార్య బట్టలు ఆరేస్తోంది. అతని తల్లి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

సిస్టర్ కూర్చోలేదు. "మేస్త్రీ, రేపు పదింటికి విచారణ. నా తరఫున సాక్షి ఉంటే తెచ్చుకోమన్నారు. వార్డులో అందరినీ అడిగాను. ఒకరికి తలనొప్పి, ఒకరికి అత్తగారొచ్చింది. నువ్వొచ్చి వాల్వు ఎప్పుడు మూశావో ఆ ఒక్క మాట చెప్పు. ఇంకేమీ వద్దు."

"నా పుస్తకంలో రాశానమ్మా, టైముతో సహా."

"మరింకేం. అది పట్టుకుని రా."

ప్లంబర్ పానా కింద పెట్టాడు. "ఇంజనీరుగారు తీసుకున్నారు."

భార్య తడి దుప్పటి భుజం మీద వేసుకుని దగ్గరికి వచ్చింది.

"ఇమ్మంటే ఇచ్చేశావా? చంటిపిల్లాడి చేతిలో బిస్కెట్టు లాక్కున్నట్టు లాక్కున్నారా?"

"ఆడిట్ అన్నాడే."

"శనివారం పొద్దున ఆడిట్. అత్తయ్యా, విన్నారా? మీ అబ్బాయికి ఊళ్లో పైపులన్నీ తెలుసు, మనుషులే తెలియరు."

"నెలాఖరుకి కాంట్రాక్టు ఉంది, ఎలా చెప్తాను?"

"అడిగిందానికి అది జవాబు కాదు" అంది తల్లి, కాయల మీంచి తల ఎత్తకుండా. "ఆ అమ్మాయి నీ ఉద్యోగం అడగలేదు. మూసింది నువ్వా కాదా?"

"నేనే."

"నువ్వు మూసిన దానికి ఆవిడ ఇంట్లో కూర్చోవాలా?"

సిస్టర్ ప్లంబర్ వంక చూసింది. ఆవిడ గొంతు పెరగలేదు. "పదహారేళ్లు చేశాను మేస్త్రీ. చర్మం ఊడేదాకా కడిగిన చేతులివి." ముందుకు చాపింది. వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా పొలుసులు లేచి ఉంది. "ఉద్యోగం పోతే ఇంకోచోట చేసుకుంటాను. కానీ కాగితం మీద ఆ మాట రాస్తే ఇంకోచోట ఎవరూ బిడ్డని నా చేతికివ్వరు. ఆ తల్లి నిన్న నన్ను బస్టాపులో చూసి మొహం తిప్పుకుంది. బిడ్డ ఎలా ఉన్నాడని అడగడానికి కూడా నాకు నోరు లేకుండా చేశారు."

ఆవిడ వెళ్లిపోయాక భార్య దుప్పటి తీగ మీద విసిరి, రెండు చేతుల్తో లాగి సరిచేసింది.

"రేపు ఇస్త్రీ చొక్కా వేసుకుని పో" అంది. "పైపుల చొక్కాతో పోతే బయటే నిలబెడతారు."

*

సోమవారం విచారణ సూపరింటెండెంటు మేడమ్ గదిలో పెట్టారు. మేడమ్, ఇంజనీరు, తెరలు చూసే టెక్నీషియన్. ఈ టెక్నీషియన్‌ని ఆస్పత్రిలో అందరూ బీప్‌బాబు అంటారు. ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురు కుర్చీలో సిస్టర్. ప్లంబర్‌ని చూసి ఇంజనీరు, "ఇతనికి ఇప్పుడు డ్యూటీ ఉంది మేడమ్" అన్నాడు.

"నా సాక్షి" అంది సిస్టర్.

మేడమ్ రమ్మంది. ప్లంబర్ నిలబడే చెప్పాడు. మంగళవారం, పదకొండు ఐదు, వాల్వు, ఫోను. చెప్పడం నిమిషంలో అయిపోయింది.

"నాకు తెలీదు మేడమ్" అన్నాడు ఇంజనీరు. "వాల్వు మూస్తే రికార్డు ఉంటుంది. ఉంటే చూపించమనండి."

"రికార్డు మీ సొరుగులో ఉంది సార్. శనివారం పదింటికి మీరే తీసుకున్నారు."

"తీసుకున్నట్టు నా సంతకం ఉందా?"

"మీరు అడిగితే ఇచ్చాను సార్, సంతకం ఎవరడుగుతారు?"

మేడమ్ బీప్‌బాబు వైపు తిరిగింది. "ఆ పుస్తకం ఎక్కడుందో నీ తెర మీద తెలుస్తుందా?"

"దానికి ట్యాగు లేదు మేడమ్."

"మేడమ్, ఒక్క మాట" అన్నాడు ప్లంబర్. "ఆ మూడు రోజులూ ఆ బేసిన్ దగ్గర ఎన్ని బీపులు పడ్డాయో చదివించండి."

బీప్‌బాబు చదివాడు. "మంగళవారం పదకొండు ఐదు నుంచి శుక్రవారం నాలుగింటి దాకా, ఆరువందల నలభై."

"అదే నేను చెప్పేది" అన్నాడు ఇంజనీరు వెంటనే. "నీళ్లు లేని చోట ఆరువందల నలభై సార్లు ఎవరైనా చేతులు కడుగుతారా? పెద్ద డాక్టరుగారు కడిగారు, మన స్టాఫంతా కడిగారు. కడగనిది ఒక్కరే. ఇంతమంది అబద్ధం, ఈవిడొక్కతే నిజమా?"

సిస్టర్ కుర్చీ చేతులు పట్టుకుంది. "అవును" అంది.

మేడమ్ పెన్ను మూత పెట్టింది. ప్లంబర్ తను తెచ్చిన మాట తన మెడకే చుట్టుకుందని గ్రహించాడు. ఆ అంకె చదివించమన్నది తనే.

"నీళ్లున్నాయా లేదా అని ఇక్కడ కూర్చుని వాదన దేనికి మేడమ్" అన్నాడు ఇంజనీరు. "రెండంతస్తులు పైకెళ్తే తెలిసిపోతుంది. నేను తిప్పి చూపిస్తాను."

ఆయన అంత ధీమాగా ఎందుకన్నాడో ప్లంబర్‌కి అర్థం కాలేదు. మెట్లెక్కుతున్నంతసేపూ అతను ఇంజనీరు మెడ వెనక భాగమే చూశాడు.

వార్డులో ఐదుగురూ బేసిన్ చుట్టూ నిలబడ్డారు. పెట్టె బీప్ అంది, మళ్లీ అంది, మళ్లీ అంది. ఒక్కొక్కరి బ్యాడ్జినీ లెక్క వేసుకుంది. ఇంజనీరు కొళాయి తిప్పాడు.

నీళ్లు వచ్చాయి. ధారగా, తెల్లగా, బేసిన్ అంతా చప్పుడు చేస్తూ.

"చూశారుగా మేడమ్" అన్నాడు ఇంజనీరు.

సిస్టర్ గోడకి ఆనుకుంది. ప్లంబర్ ఒక క్షణం తన కళ్లనే నమ్మలేదు. మూసిన వాల్వు తనంతట తాను తెరుచుకోదు.

అప్పుడు మేడమ్ ఒక అడుగు వెనక్కి వేసింది. బేసిన్ చిల్లులోంచి నీళ్లు తిన్నగా నేల మీద పడుతున్నాయి. ఆవిడ చెప్పులు, చీర అంచు తడిశాయి. ఇంజనీరు బూట్లలోకి నీళ్లు పోయాయి. బీప్‌బాబు లాప్‌టాప్ నెత్తిన పెట్టుకున్నాడు. కొళాయి కట్టేసరికి నేల మీద మడుగు వార్డు తలుపు దాకా పాకింది.

ప్లంబర్ వంగి బేసిన్ కింద చూశాడు. పైన చిల్లు, కింద నేల. గోడ పైపు నోట్లో తను కుక్కిన గుడ్డ అలాగే ఉంది.

"ఏమిటిది?" అంది మేడమ్.

"కింద గొట్టం లేదు మేడమ్. మంగళవారం నేనే తీశాను. అది స్టోరు సొరుగులో ఉంది, స్టోరులో ఎక్కించినట్టు చీటీ నా దగ్గరుంది. కొత్తది ఇంకా ఇవ్వలేదు." అతను నెమ్మదిగా చెప్పాడు, తనకి తానే చెప్పుకుంటున్నట్టు. "మంగళవారం నుంచి నీళ్లే ఉండి ఉంటే, ఎవరు ఈ కొళాయి తిప్పినా కాళ్లు తడవాలి."

గుడ్డ, బకెట్టు పట్టుకుని వచ్చిన ఆయమ్మ మడుగు చూసి ఆగిపోయింది.

"ఈ నేల రోజూ తుడిచేది నువ్వేనా?" అని అడిగింది మేడమ్.

"పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నేనేనమ్మా."

"ఈ వారంలో ఎప్పుడైనా ఇక్కడ తడి చూశావా?"

ఆయమ్మ ఒకసారి సిస్టర్ వైపు చూసింది. "తడా? ఎక్కడిదమ్మా. మంగళవారం నుంచీ ఇక్కడ పిండడానికి గుడ్డ కూడా తడవలేదు."

"వాల్వు మూసింది నేను. నేను తెరవలేదు" అన్నాడు ప్లంబర్. "పైపుల గది తాళంచెవులు రెండే. ఒకటి నాది, ఒకటి సార్‌ది."

బీప్‌బాబు లాప్‌టాప్ నెత్తి మీంచి దించి, కిటికీ గట్టు మీద పెట్టి తెరిచాడు. అతను ఎవరి పక్షానా లేడు. అడిగింది చూడ్డమే అతనికి తెలిసిన పని. "మూడో అంతస్తు పైపుల గది తలుపు మీది పెట్టె దగ్గర సార్ బ్యాడ్జి శనివారం సాయంత్రం ఐదు పదికి కనబడింది మేడమ్. నాలుగు నిమిషాలు. అంతకుముందు రెండు నెలల్లో లేదు."

"తనిఖీకి వెళ్లాను" అన్నాడు ఇంజనీరు. ఆయన బూట్లలో నీళ్లు చప్పుడు చేశాయి.

"శనివారం ఐదు పది నుంచి ఇప్పటిదాకా ఇక్కడ ఎన్ని?" అంది సిస్టర్. ఆవిడ గోడని వదిలి ముందుకొచ్చింది.

"మూడువందల ఏడు."

"నీళ్లున్నాయి. తిప్పితే చాలు. మూడువందల ఏడుసార్లలో ఒక్కళ్లు తిప్పినా ఈ వార్డు చెరువయ్యేది." ఆవిడ ఒక్కో మాటా ఆపి అంది. "ఎవరెవరివో చదువు బాబూ."

బీప్‌బాబు మేడమ్ వంక చూశాడు. మేడమ్ తల ఊపలేదు, అడ్డంగానూ తిప్పలేదు. అతను చదవడం మొదలుపెట్టాడు. పెద్ద డాక్టరు ఇరవై మూడు. పెద్ద సిస్టర్ ముప్ఫై ఒకటి. కుర్ర డాక్టరు పదిహేడు. ఆయమ్మ తొమ్మిది. ఆయమ్మ తల దించుకుంది. అతను చదువుతూ చదువుతూ ఒక వరస దాటేసి కింది దానికి వెళ్లాడు.

"మధ్యలోది వదిలేశావు" అంది సిస్టర్.

"అది స్టాఫ్ కాదు సిస్టర్."

"చదువు."

"సూపరింటెండెంటు మేడమ్. ఆదివారం రౌండ్లు. నాలుగు."

వార్డు లోపల ఏదో బిడ్డ ఏడుపు అందుకుంది. మేడమ్ తన చెప్పుల చుట్టూ ఉన్న నీళ్ల వైపు చూసింది.

"నేను స్పిరిట్ రాసుకున్నాను" అంది.

"నేను సీసాల గదిలో సబ్బుతో కడుక్కున్నాను" అంది సిస్టర్. "అక్కడ పెట్టె లేదు."

*

మంగళవారం సాయంత్రం నాలుగున్నరకి సస్పెన్షన్ రద్దు చేస్తూ ఉత్తర్వు వచ్చింది. కారణం అన్న చోట 'పరిపాలనాపరమైన సౌలభ్యం కోసం' అని ఉంది. ఇంజనీరు మీద, స్టోరు మీద ఏ ఉత్తర్వూ రాలేదు. పని పుస్తకం దొరకలేదు.

ఆ రోజే స్టోర్‌కీపర్ ప్లంబర్‌ని పిలిచి, ట్యాగు అంటించిన వంపు గొట్టం ఒకటి చేతిలో పెట్టి సంతకం తీసుకున్నాడు. బుధవారం పొద్దున ఆరున్నరకి ప్లంబర్ బేసిన్ కింద దూరి గుడ్డ లాగేసి, గొట్టం బిగించి, కొళాయి పూర్తిగా తిప్పి రెండు నిమిషాలు వదిలాడు. కింద చెయ్యి పెట్టి తడిమాడు. చెమ్మ లేదు.

ఏడింటికి సిస్టర్ వచ్చింది. సంచిలోంచి ఉత్తర్వు నకలు తీసి ఇచ్చింది.

"చివరి వాక్యం చదువు మేస్త్రీ."

అతను వేలు పెట్టి చదివాడు. 'ఇకమీదట సదరు ఉద్యోగిని నిర్దేశిత బేసిన్ వద్ద మాత్రమే చేతులు శుభ్రపరచుకోవలసిందిగా హెచ్చరించడమైనది.'

అతను మళ్లీ చదివాడు. "అంటే తప్పు మీదేనని రాశారు కదమ్మా ఇది."

"అవును."

"సంతకం పెట్టారా?"

"పెట్టకపోతే లోపలికి రానివ్వరు. కింద చూడు."

'అందుకున్నాను' అన్న అచ్చు మాట పక్కన ఆవిడ సంతకం ఉంది. సంతకం పైన, ఆవిడ చేతిరాతలో, 'నీళ్లుంటే' అని ఉంది.

"ఆ మాట కొట్టేసి మళ్లీ పెట్టమన్నాడు గుమాస్తా" అంది. "రెండుసార్లు అడిగాడు. కొట్టెయ్యలేదు. మీ ఇష్టం, మీరు కొట్టేసుకోండి, కింద మీ సంతకం పెట్టండి అన్నాను. పెట్టలేదు."

"నన్ను ఒకటో తారీఖు నుంచి పంపుహౌస్‌కి మార్చారు" అన్నాడు ప్లంబర్. "కాంట్రాక్టు ఇంజనీరు మూడు నెలలకే రాశాడు."

సిస్టర్ కాగితం వెనక్కి తీసుకుంది. "మీ అమ్మగారు తిడతారా?"

"మా ఆవిడ. పంపుహౌస్‌లో మనుషులుండరు, నీకు అదే నయం అంది."

ఆవిడ నవ్వలేదు. సంచి తగిలించి, గడియారం తీసి జేబులో వేసుకుని, లోపలికి నడిచింది. నాలుగో నంబరు బిడ్డకి ఆ పొద్దున జ్వరం తొంభై తొమ్మిది. తల్లి పక్కనే స్టూలు మీద ఉంది. సిస్టర్‌ని చూసి లేచి నిలబడింది, మళ్లీ కూర్చుంది. కాసేపటికి దుప్పటి తొలగించి బిడ్డని రెండు చేతుల మీద ముందుకి చాపింది.

సిస్టర్ తీసుకోలేదు. "ఉండమ్మా" అని వెనక్కి వచ్చి కొళాయి తిప్పింది. సబ్బు రాసి, వేళ్ల సందులు, గోళ్లు, మణికట్లు, మోచేతుల దాకా కడిగింది. తల్లి బిడ్డని అలాగే పట్టుకుని చూస్తూ కూర్చుంది. కడగడానికి ఒక నిమిషం పది సెకన్లు పట్టింది.

ఏడు గంటల పద్నాలుగు నిమిషాలకి ఆవిడ బిడ్డని ఎత్తుకుంది.